వాడిన మొక్కకు నీళ్ళు పోసే ముందు వేరు చూడండి



ఈసారి కొబ్బరికాయ రేటు గురించి కాదు, కాలవ నీళ్ళ గురించి కాదు. మా ఇంటి వసారాలో ఉన్న ఒక పూల మొక్క గురించి రాస్తున్నాను. కోనసీమ రైతుకి ఆర్కిడ్ మొక్కతో పనేంటని నవ్వకండి. చివరిదాకా చదివితే మీ చేనుకి పనికొచ్చే మాట ఒకటి దొరుకుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొక్క వాడిపోతే మనకి మొదట గుర్తొచ్చేది చెంబు. రెండోది మందు కొట్టు. ఈ రెండిటికన్నా ముందు చూడాల్సింది వేరు. వేరు చూడకుండా పోసిన నీళ్ళు వైద్యం కాదు. చాలాసార్లు అదే ఆ మొక్కకి చివరి దెబ్బ అవుతుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. ఒకసారి అరెకరం అరటి పోగొట్టుకుని, ఇంకోసారి ఒక పూలకుండీ ముందు కూర్చుని నేర్చుకున్నాను.

2023 సంక్రాంతికి మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వస్తూ వాళ్ళమ్మకి ఒక ఆర్కిడ్ తెచ్చింది. ఉద్యోగంలో చేరాక మొదటి జీతంతో కొన్న వస్తువుల్లో అదొకటి. మనకి చీరలు, సెల్‌ఫోన్లు తెచ్చే పిల్లల్ని చూశాం గానీ మొక్క తెచ్చే పిల్లని చూడలేదని ఇంటికొచ్చిన వాళ్ళందరూ అన్నారు. ఫెలనాప్సిస్ అంటారు దాన్ని. సీతాకోకచిలుక రెక్కలు విప్పి వాలినట్టు ఉంటుంది పువ్వు. ఆ పేరుకి అర్థం కూడా రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులాంటిదని. 1825లో బ్లూమ్ అనే ఆయన దానికి ఆ పేరు పెట్టాడు. లేత ఊదా రంగు పూలు, ఒకే కాడకి ఏడు. ఉగాది దాటేదాకా ఒక్క పువ్వు కూడా రాలలేదు.

ఆ మొక్క ఒక చిన్న ప్లాస్టిక్ గ్లాసులో ఉంది. లోపల మట్టి లేదు. ఏదో నాచు, రెండు బెరడు ముక్కలు, అంతే. మా ఆవిడకి జాలేసింది. "ఏవండీ, పాపం దీనికి మట్టే లేదు చూడండి" అని, పూలు రాలిపోయాక దాన్ని తీసి ఒక పెద్ద పింగాణీ కుండీలో పెట్టింది. కింద చిల్లు లేని కుండీ. పెరట్లో మెత్తటి ఒండ్రు మట్టి, రెండు దోసిళ్ళ గత్తం వేసి, రోజూ పొద్దున్నే తులసమ్మకి పోసినట్టే దానికీ చెంబుడు నీళ్ళు పోసింది. మందారానికి అయితే అది రాజభోగం.

మే నెల వచ్చేసరికి ఆకులు వేలాడిపోయాయి. మామూలుగా ఆ ఆకు దళసరిగా, చెప్పు అట్టలాగా గట్టిగా ఉండాలి. ఇది తడిగుడ్డలా మెత్తబడి, మీద ముడతలు పడింది. మా అమ్మ ఆఖరి రోజుల్లో ఆవిడ చేతి మీద చర్మం అలా ఉండేది. ఎండలకి దాహం వేస్తోందనుకుని మా ఆవిడ సాయంత్రం కూడా ఇంకో చెంబు మొదలుపెట్టింది.

ఇక్కడ నా ఘనకార్యం కూడా చెప్పాలి. నేను ముప్పై ఏళ్ళుగా వ్యవసాయం చేస్తున్న వాణ్ణి కదా. మొక్క నీరసంగా ఉంది, బలం పెట్టాలి అనుకున్నాను. పాకలో పంతొమ్మిది-పంతొమ్మిది-పంతొమ్మిది ప్యాకెట్ ఉంటే ఒక చెంచాడు నీళ్ళలో కలిపి పోశాను. ఆవిడ ప్రేమతో తప్పు చేసింది, నేను తెలివితో చేశాను. నాదే పెద్ద తప్పు.

అమ్మాయి ఆదివారం వీడియో కాల్ చేసి "అమ్మా, మొక్క ఎలా ఉంది?" అంటే మా ఆవిడ ఫోను మందారం వైపు తిప్పింది. అది చూసి నాకు మనసు అదోలా అయ్యింది. ఫోన్ పెట్టేశాక అడిగాను, ఎందుకలా చేశావని. "నా చేత్తోనే చంపేశానండి" అంది. ఆ మాటకి నేను కుండీని నూతి గట్టు దగ్గరికి తీసుకెళ్ళి బోర్లించాను.

వాసనే చెప్పేసింది. నీళ్ళు నిలిచిన మురుగు బోదె వాసన. మట్టి కడిగి చూస్తే వేళ్ళు పధ్నాలుగు ఉన్నాయి. పట్టుకుని కొద్దిగా లాగితే తోలు జారిపోయి లోపల దారం ఒక్కటే చేతిలో మిగిలింది. పదకొండు అలాంటివే. మిగతా మూడింట్లో ఒకటి సగం బాగుంది, రెండు వేలెడంత చొప్పున గట్టిగా ఉన్నాయి. అంటే ఆ మొక్క రోజూ రెండు చెంబుల నీళ్ళల్లో మునిగి ఉండి దాహంతో చస్తోంది. తాగడానికి నోరే లేదు దానికి.

అప్పుడు నాకు 2022 జూలై గుర్తొచ్చింది.

ఆ నెల గోదావరి వరద లంకల్ని ఎలా ముంచిందో మా వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా అరెకరం కర్పూర అరటిలో నీళ్ళు రోజుల తరబడి నిలబడ్డాయి. వరద తీశాక చూస్తే చెట్లు నిలబడే ఉన్నాయి. బతికింది లే అనుకున్నాను. రెండు రోజులు ఎండ కాసేసరికి ఆకులు గొడుగు మూసినట్టు వాలిపోయాయి. కింద నేల ఇంకా కాలు దిగబడేంత తడి. పైన ఆకు చూస్తే నెల రోజులు నీళ్ళు చూడనట్టు ఉంది. నాకు అర్థం కాలేదు. తేరుకుంటాయని యూరియా చల్లాను. ఒక కొట్టువాడు ఏదో టానిక్ ఇస్తే అది కూడా మొదట్లో పోయించాను. వారం తిరక్కుండా ఆకులు పసుపెక్కి విరిగి పడ్డాయి. ఒక చెట్టు తవ్వి చూస్తే వేళ్ళు నల్లగా, మెత్తగా ఉన్నాయి. అప్పుడు చూశాను వేరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే.

వేరుకి కూడా ఊపిరి కావాలి. నేలలో ఖాళీలన్నీ నీళ్ళతో నిండిపోతే గాలి ఉండదు. గాలి లేని వేరు నీళ్ళు తోడలేదు. పైన ఆకు మాత్రం ఎండకి నీళ్ళు ఆవిరి చేస్తూనే ఉంటుంది. రాబడి ఆగిపోయి ఖర్చు ఆగని సంసారం లాంటిది. అందుకే నీళ్ళలో ఉన్న మొక్క కూడా ఎండిన మొక్కలాగే వాడుతుంది. ఆకు చూస్తే రెండూ ఒకటే. నీళ్ళు లేకపోవడం వేరు, వేరు లేకపోవడం వేరు. ఆ తేడా ఆకు చెప్పదు.

ఆర్కిడ్ విషయంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఎందుకో తెలియాలంటే అది పుట్టిన చోటు తెలియాలి. ఈ ఫెలనాప్సిస్ జాతి ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వైపు అడవుల్లోది. మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల్లో కూడా కొన్ని రకాలున్నాయి. అది నేల మీద పెరగదు. చెట్టు కొమ్మల్ని పట్టుకుని గాలిలో బతుకుతుంది. అంత దూరం ఎందుకు, మన పాత మామిడి చెట్ల మీద కూడా వాండా అనే ఆర్కిడ్ సహజంగా పెరుగుతుంది. గోధుమ రంగు గళ్ళ పూలు పూస్తుంది. చాలామంది దాన్ని కూడా బదనిక అనుకుని పీకి పారేస్తారు. అసలు బదనిక చెట్టు కొమ్మలోకి దిగి దాని నీళ్ళు తాగుతుంది. ఈ ఆర్కిడ్ చెట్టుని ఆసరాకి పట్టుకుంటుంది, అంతే. దాని వేళ్ళు గాలిలో వేలాడుతూ ఉంటాయి. వాన పడితే గబగబా పీల్చుకుంటాయి, వాన వెలిస్తే ఆరిపోతాయి.

ఆ వేరు మీద తెల్లటి స్పాంజి లాంటి పొర ఒకటి ఉంటుంది. ఎండినప్పుడు వెండిలా తెల్లగా, తడిసినప్పుడు ఆకుపచ్చగా కనబడుతుంది. తడిసి, ఆరి, మళ్ళీ తడవడమే దానికి అలవాటు. అలాంటి వేరుని ఒండ్రు మట్టిలో పూడ్చి రోజూ నీళ్ళు పోయడమంటే, చెట్టెక్కి బతికే కోతిని నూతిలో పెట్టి అన్నం పెట్టినట్టు.

సరే, నేను చేసింది చెబుతాను. మీ ఇంట్లో అలాంటి మొక్క ఉంటే పనికొస్తుంది.

మొదట తీసి చూడాలి. మొక్క చస్తోందని భయపడి కదపకుండా ఉండకండి. కుండీలోంచి తీసి, వేళ్ళకి పట్టుకున్నదంతా కుళాయి నీళ్ళ కింద మెల్లిగా కడగండి. వేళ్ళ మధ్యలో, మొదలు కింద నాచు ముద్ద ఏదైనా ఇరుక్కుని ఉందేమో చూడండి. నర్సరీలో చిన్నప్పుడు పెట్టిన నాచు అలాగే ఉండిపోతుంది. పైన అంతా ఆరినా అది తడిగా ఉండి లోపలినుంచి కుళ్ళిస్తుంది.

తర్వాత ప్రతి వేరునీ రెండు వేళ్ళ మధ్య నొక్కండి. రంగు చూసి మోసపోకండి. వెలుతురు తగలని వేరు పసుపుగా, గోధుమగా ఉన్నా బతికే ఉండొచ్చు. గట్టిగా ఉంటే బతికున్నట్టు. నొక్కితే నీరు కారి తోలు ఊడిందా, పోయినట్టు. డొల్లగా, కాగితంలా నలిగిందా, అదీ పోయినట్టే.

వేళ్ళు ఎక్కువ భాగం గట్టిగానే ఉండి ఆకు ముడతలు పడితే మీది అదృష్టం. అది నిజంగా నీళ్ళు లేని మొక్కే. వేళ్ళు మునిగేలా అరగంట నీళ్ళలో పెట్టి తీసి, నీళ్ళు ఓడ్చి, చిల్లులున్న కుండీలో పెట్టండి. ఆకు మొదలు నీళ్ళలో మునగకూడదు. అప్పటినుంచి ఆరినప్పుడల్లా తడుపుతూ ఉంటే కొన్ని వారాల్లో ఆకు బిగుస్తుంది. పాత ముడత పూర్తిగా పోకపోవచ్చు, దానికి కంగారు పడొద్దు.

మాదానిలాగా వేళ్ళు పోయి ఉంటే మాత్రం కత్తిరించక తప్పదు. బ్లేడుని మంట మీద కాల్చి చల్లార్చి, చచ్చిన వేళ్ళు మాత్రమే కోయండి. సగం బాగున్న వేరులో బాగున్న సగం ఉంచండి. కోసిన చోట మాత్రం దాల్చినచెక్క పొడి అద్దండి. బాగున్న వేరు మీద చల్లకండి, అది వేరుని ఎండగడుతుంది. ఒక పూట నీడలో ఆరనివ్వండి.

పూల కాడ ఉంటే కోసేయాలి. ఇది చాలామందికి మనసొప్పదు. మొక్క పోయేలా ఉన్నా పువ్వు ఉంది కదా అని ఉంచుతారు. ఉన్న కాస్త నీరూ ఆ పువ్వే తాగేస్తుంది.

ఇక అసలు సంగతి. వేరు లేని మొక్కకి తాగించలేం. మరి ఏం చేయగలం? ఖర్చు తగ్గించగలం. చుట్టూ గాలిలో తేమ ఉంటే ఆకులోంచి నీళ్ళు బయటికి పోవడం తగ్గుతుంది. పోయేది తగ్గితే, ఉన్న కాస్త బలంతో మొక్క కొత్త వేరు వేసుకుంటుంది. నర్సరీల్లో స్ఫాగ్నం మాస్ అని ఎండు నాచు అమ్ముతారు. దాన్ని నానబెట్టి, చుక్క నీరు కారకుండా గట్టిగా పిండేసి, మొక్క మొదలు కింద పరిచాను. ఒక పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో మొక్కని పెట్టి మూతి వదులుగా కట్టాను. వసారాలో ఉత్తరం వైపు, వెలుతురు ఉండి ఎండ పడని చోట పెట్టాను. ఎండ తగిలితే ఆ సంచిలో మొక్క ఆవిరి కుడుములా ఉడికిపోతుంది. రోజూ కాసేపు మూతి విప్పి గాలి తగలనిచ్చాను. నాచు ఆరితే కాస్త తడి చేశాను.

ఆకుల మీద నీళ్ళు చల్లితే తాగదా అని మా తమ్ముడు అడిగాడు. ఆ ఆకు మీద మైనం పూత దట్టంగా ఉంటుంది, లోపలికి పోయేది బహు కొంచెం. పైగా అది నాగజెముడు, అనాస లాంటి మొక్క. పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తుంది. చల్లిన నీళ్ళు జారి నడిమొవ్వలో చేరి నిలిచాయంటే అక్కడ కుళ్ళు మొదలవుతుంది. కొబ్బరి రైతులకి మొవ్వు కుళ్ళు గురించి నేను చెప్పాలా? కొబ్బరికి లాగే ఈ మొక్కకీ ఎదిగే మొగ్గ ఒక్కటే. అది పోతే చెట్టు పోయినట్టే లెక్క.

ఎరువు వేయలేదు. ఇది గట్టిగా చెబుతున్నాను. వేరు లేనప్పుడు ఎరువు విషంతో సమానం. ఎరువంటే ఉప్పే కదా. బయట ఉప్పు ఎక్కువైతే వేరులో ఉన్న నీరే బయటికి లాగుతుంది. ఊరగాయ ముక్కలో ఉప్పు కలిపితే ముక్క ఏమవుతుందో ఇంట్లో ఆడవాళ్ళని అడగండి. నేను ఆ మొక్కకి పంతొమ్మిది-పంతొమ్మిది పోసింది సరిగ్గా ఆ పనే.

ఆఖరి మందు ఆగడం. ఇదే అన్నిటికన్నా కష్టం. మొదటి నెలంతా ఏమీ జరగలేదు. పైగా అడుగు ఆకు ఒకటి పసుపెక్కి రాలింది. మా ఆవిడ భయపడింది. అది మొక్క తన ఆకులోంచి తానే నీరూ సత్తువా లాక్కోవడం. దాన్ని పీకకుండా దానంతట అది ఎండేదాకా వదిలేశాం. ఆరో వారంలో మొదలు దగ్గర, బియ్యపు గింజంత, ఆకుపచ్చటి ముక్కు ఒకటి బయటికొచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని మూడుసార్లు చూశాను. అది కొత్త వేరు. మా ఆవిడని పిలిస్తే, చేతులు కడుక్కుని వచ్చి మరీ చూసింది.

దీపావళికి నాలుగు వేళ్ళయ్యాయి. అప్పుడు కుండీలోకి మార్చాను. మట్టి కాదు. మన కోనసీమలో కొబ్బరి డొక్కలకి కరువా? డొక్కని అంగుళం ముక్కలు కోసి, నాలుగైదు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టాను. పచ్చి డొక్కలో ఉప్పు, వగరు ఉంటాయి, అవి పోవాలి. దాంట్లో బొగ్గు ముక్కలు, పగిలిన కుండ పెంకులు కలిపి, చుట్టూ చిల్లులున్న మట్టి కుండీలో పెట్టాను. నీళ్ళకి ఒకటే లెక్క పెట్టుకున్నాం. పైకి కనబడే వేళ్ళు వెండి రంగులో ఉంటే పోయడం, పచ్చగా ఉంటే పోయకపోవడం. వేళ్ళు బాగా పట్టాకే ఎరువు. అది కూడా ప్యాకెట్ మీద రాసినదాంట్లో పావు వంతు.

మా పక్కింటాయన ఒక మాట అన్నాడు. "ఆరొందల మొక్క కోసం ఇంత తతంగమా? పారేసి ఇంకోటి కొనుక్కోవచ్చుగా." మాట న్యాయమే. డబ్బు లెక్కలో ఆయనదే రైటు. నా శ్రమకి కూలి కడితే రెండు మొక్కలొస్తాయి. ఎంత చేసినా బతకనివి కూడా ఉంటాయి. మా బంధువుల ఇంట్లో అలాంటి మొక్కే చూపించారు. నడిమొవ్వ నల్లబడి, పట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది. దాన్ని పారేయమనే చెప్పాను. అన్నిటినీ బతికించొచ్చని నేను అనను.

కానీ ఆయనకి నేను చెప్పిన జవాబు ఇది. పారేసి ఇంకోటి కొంటే, మొదటిది ఎందుకు చచ్చిందో తెలియదు. రెండోది కూడా అలాగే చస్తుంది. ఆరొందల దగ్గర తెలుసుకుంటే ఆరొందలతో పోతుంది. అరెకరం దగ్గర తెలుసుకుంటే ఎంత పోతుందో నాకు తెలుసు. అరటి పోయినప్పుడు నేను వరదని తిట్టుకున్నాను. వరద ముంచిన మాట నిజం. కానీ వరద తీశాక యూరియా చల్లింది గోదావరి కాదు, నేను.

దాని తర్వాత ఒక వానాకాలం మళ్ళీ తోటలో నీళ్ళు నిలిచాయి. ఈసారి ముందు పలుగు పట్టుకుని వెళ్ళి బోదెలు తీసి నీళ్ళు బయటికి పంపాను. నాలుగు మూలలా నాలుగు చెట్ల మొదలు దగ్గర తవ్వి వేరు చూశాను. తెల్ల వేరు ఉన్నచోట చెట్టుని ఉంచాను, నల్లగా అయినచోట ఆశ వదులుకున్నాను. నేలకి ఎరువు వెంటనే వేయలేదు, కొత్త వేరు కనబడేదాకా ఆగాను. అరటి ఆకు ఆర్కిడ్ ఆకులా కాదు, పిచికారీ చేస్తే కాస్త తీసుకుంటుంది. అందుకని ఆకు మీద మాత్రం పల్చగా కొట్టించాను. అన్నీ దక్కలేదు. దక్కినవి దక్కాయి. దక్కనివాటి మీద డబ్బు తగలేయలేదు, అదీ లాభమే.

ఇప్పుడు మీతో నా గొడవ ఒకటి ఉంది.

ఈమధ్య మనందరికీ ఒక అలవాటైంది. వాడిన ఆకుని ఫోన్లో ఫోటో తీస్తాం. మందు కొట్టుకి పంపిస్తాం. ఆయన ఆ ఫోటో చూసి రెండు డబ్బాలు, ఒక ప్యాకెట్ రాస్తాడు. నాకూ పంపిస్తున్నారు, అన్నా ఏం కొట్టమంటావని. ఒక్కరు కూడా వేరు ఫోటో పంపరు. పలుగు వేసి ఒక మొక్క లేపాలంటే బద్ధకం, ఒక మొక్క పోతుందని ప్రాణం ఒప్పదు. ఎకరం మిరప వాలిపోతుంటే ఒక్క మొక్క పీకి చూడ్డానికి మనసు రాదు గానీ, ఎకరానికీ మందు కొట్టడానికి అప్పు చేస్తాం. కొట్టువాణ్ణి నేను తప్పు పట్టను. మనం ఆకు చూపించాం, ఆయన ఆకుకి మందిచ్చాడు. చూపించాల్సింది మనం దాచాం.

ఆకు అబద్ధం చెప్పదు, కానీ సగమే చెబుతుంది. "నాకు నీళ్ళు అందట్లేదు" అని చెబుతుంది. ఎందుకు అందట్లేదో దానికి తెలియదు. నేల ఎండిందా, వేరు కుళ్ళిందా, వేరుని పురుగు కొరికిందా, ఉప్పు ఎక్కువైందా, అది కింద చూస్తేనే తెలుస్తుంది. అన్నిటికీ ఒకటే చెంబు పరిష్కారం కాదు.

ఇంకో మాట. నీరసంగా ఉన్నదానికి బలం పెట్టాలన్నది మన మనసులో నాటుకుపోయింది. మనిషికైనా అంతే. పదిరోజులు జ్వరంతో పడుకుని లేచినవాడికి మన పెద్దవాళ్ళు వేటమాంసం పెట్టారా? గంజి పెట్టారు, తర్వాత బీరకాయ పథ్యం పెట్టారు. అరాయించుకునే శక్తి వచ్చాక అన్నీ పెట్టారు. మనుషుల దగ్గర ఆ తెలివి ఉంది మనకి. మొక్క దగ్గరికి వచ్చేసరికి గంజి మర్చిపోయి విందు పెడుతున్నాం.

మా ఆవిడ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ మొక్క మొదటి ఏడాది పూయలేదు. పూయకపోవడమే మంచిది, వేళ్ళు కట్టుకోనీ అన్నాను. రెండో ఏడాది చలికాలంలో రాత్రిళ్ళు చల్లబడ్డాక ఆకు సందులోంచి ఒక కొత్త కొస వచ్చింది. వేరనుకున్నాం. వేరు కిందికి తిరుగుతుంది కదా, ఇది పైకి తిరిగింది. 2025 ఫిబ్రవరిలో మూడు పూలు పూసింది. కొన్నప్పుడు ఏడు, ఇప్పుడు మూడు. ఆ ఆదివారం అమ్మాయి ఫోన్ చేస్తే మా ఆవిడ తనే ముందుగా ఫోన్ తీసుకెళ్ళి కుండీ ముందు పెట్టింది. అప్పుడు జరిగిందంతా చెప్పింది, మందారం చూపించిన సంగతితో సహా. అమ్మాయి నవ్వి, "నాకు అప్పుడే తెలుసులే అమ్మా, ఆర్కిడ్‌కి మందారం ఆకులు ఉండవుగా" అంది.

చేతి తప్పు కాదది. మా ఆవిడ చేతిలో పెరగని మొక్క లేదు మా పెరట్లో. తెలియనిది ఒక్కటే, ఈ మొక్క అలవాటు. ప్రేమ తక్కువై చచ్చే మొక్కలు కొన్నే. అలవాటు తెలియని ప్రేమ పోసిన నీళ్ళకి చచ్చేవి బోలెడు. అందుకని, మొక్క పోయిందని ఇంట్లో ఎవర్నీ దెప్పకండి. కుండీ బోర్లించి ఇద్దరూ కలిసి చూడండి.

ఇకనుంచి నాకు ఆకు ఫోటో పంపేవాళ్ళు పక్కనే వేరు ఫోటో కూడా పెట్టండి. కడిగి, తెల్లకాగితం మీద పెట్టి తీయండి. వేరు లేని ఫోటోకి నేను జవాబు చెప్పను. కోపం తెచ్చుకోకండి, మీ మంచికే.

ఉంటాను. మీ కుండీల్లో, మీ చేలల్లో వేళ్ళు చల్లగా ఉండాలి.